బొంబాయిల గాలయ్య పెట్టిన సభ

కేతేపల్లి బస్టాండ్ పక్కన వెంకన్న చాయ్ హోటల్ ముంగట సతీశ్ కొత్త తుఫాన్ జీపు బండి ఆగి ఉన్నది. సీట్లకున్న ప్లాస్టిక్ కవర్లు ఇంక తియ్యలే. చర్చి పాస్టర్ డేవిడ్ గారు సంఘం మనుషులను తీసుకొని వచ్చే నెల చెన్నైకి సువార్త చెప్పనీక పోతున్నడని ఊళ్లె అందరికి ఎరికే. పోయినసారి బొంబాయికి గాలయ్య బండి పోయింది. ఈసారి ఎవరిది పోతదో ఇంక తేలలే.

గాలయ్య చాయ్ గ్లాసు పట్టుకొని ఆ కొత్త బండి చుట్టు ఒకసారి తిరిగిండు. టైరును కాలితోని తన్ని చూసిండు. వచ్చి బెంచీ మీద కూసున్నడు.

"బండి మంచిగనే ఉన్నది సతీశ్. కని మన పట్నం తొవ్వ వేరు, గసుంటి పెద్ద పెద్ద ఊర్ల తొవ్వ వేరు. నేనైతె గొప్పలు చెప్పుకునేటోన్ని కాదు, మీకు ఎరికే గద. బొంబాయి దాంక బండి తోలిన, ఎవ్వర్ని తొవ్వ అడగలే. గంతే."

"ఫోన్ల మ్యాప్ పెట్టుకున్నవేమో కాకా," అన్నడు సతీశ్.

"పాస్టరమ్మ స్వరూప పెట్టింది, నేను వద్దంటనే ఉన్న. అండ్ల మాట్లాడే పిల్ల ఒకపారి కుడికి తిరుగుమన్నది, నేను ఎడమకు తిరిగిన. ఇంకోపారి సక్కగ పొమ్మన్నది, నేను అడ్డం పోయిన. ఆఖరికి ఆ పిల్లనే 'మీ ఇష్టం సార్, మీకు తెల్సినట్టు పోన్రి' అని చుప్ అయింది."

"ఫోను గట్ల అంటదా?" అన్నడు వెంకన్న, చాయ్ వడవోసుకుంట.

"నీ ఫోను అనదు. మనిషిని చూసి అంటది. ఇను, ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? బొంబాయిల అడుగు పెట్టినమో లేదో, నాలుగు దిక్కులకెల్లి బండ్లు. చీమ పోనీక జాగా లేదు. ట్రాఫిక్ పోలీసాయన నెత్తికి చేతులు పెట్టుకొని రోడ్డు మీదనే కూసున్నడు. నేను దిగిన. 'ఫికర్ చెయ్యకు సాబ్, జర నువ్వు ఊదే సీటీ ఇటియ్యి' అన్న. ఇచ్చిండు. మన బోనాలకు పోతరాజు మందిని జరిపినట్టు ఒక చెయ్యి గిట్ల, ఒక చెయ్యి గట్ల! చాయ్ తాగేంత సేపట్ల రోడ్డు ఖాళీ. ఎంత ఖాళీ అంటవ్, పిల్లలొచ్చి నడిరోడ్డు మీద గోలీలాడిండ్రు. ఆ సాబు సీటీ వాపస్ తీసుకుంటడా? తీసుకోడు. 'ఇగ ఇది మీదే' అంటడు."

"ఏది కాకా, ఆ సీటీ చూపియ్యి."

"మైసమ్మకు కట్టొచ్చిన. నడుమల నడుమల మాట్లాడకుర్రి, అసలుది ఇప్పుడొస్తది. మన పాలమూరు కూలోళ్లు ఉండే బస్తీకి పోయినం. దుప్పట్లు పంచుడు, పాటలు, ప్రార్థన, అన్ని అనుకున్నరు. డేవిడ్ గారు మైకు పట్టిండు. గొంతు లేస్తలేదు! స్వరూప చెల్లె వేడినీళ్లిచ్చింది, ఉప్పేసి పుక్కిలిచ్చిండు, లాభం లేదు. ఇంత దూరం వచ్చి దేవుని మాట చెప్పకుండనే మర్లుడేనా అని అందరు పరేషాన్. గప్పుడు డేవిడ్ గారు నా రెండు చేతులు పట్టుకొని 'గాలయ్యా, ఇగ నువ్వే' అన్నడు."

పక్కన గంపల జామకాయలు అమ్మే భద్రమ్మ తలెత్తింది. "నువ్వు మైసమ్మకు మొక్కేటోనివి గద కొడుకా."

"అదే నేను గూడ అన్న అవ్వా. 'అయ్యా, నేను డ్రైవర్ని, నా మొక్కు వేరు' అన్న. ఇంటేనా? కని మా ఇల్లు చర్చి గోడకు ఆనుకొనే ఉంటదా, ఆదివారమొస్తె మైకు నా చెవులనే మోగుతదా, ఇని ఇని నాకు నిద్రల గూడ నోటికొస్తది. తప్పిపోయిన గొర్రె ముచ్చట అందుకున్న. తెలుగుల మొదలువెట్టిన, ఉర్దూల పడ్డ, జర సేపటికి చూస్తె మరాఠీ చెప్తున్న."

"నీకు మరాఠీ ఎప్పుడొచ్చింది?"

"నాకేం ఎరిక వెంకన్నా? నోట్లకెల్లి వస్తాంది, అందరి లెక్కనే నేను గూడ ఇంటున్న. ముందు గల్లీల ఉన్నోళ్లొచ్చిండ్రు, అటెంక మేడల మీదోళ్లు దిగిండ్రు. లోకల్ రైలు పోతాంది, దాని డ్రైవరు నా మాట చెవుల వడి బ్రేకేసిండు. దాని ఎన్కది ఆగింది, దాని ఎన్కది ఆగింది, బొంబాయిల ఎక్కడి రైలు అక్కడ్నే. పైన ఇమానం..."

"ఇమానం గూడ ఆగిందా!" అన్నడు సతీశ్.

"తెలివున్నదా నీకు? ఇమానం ఆగితె కిందవడదా? ఆగలే. నా నెత్తి మీద గుండ్రంగ తిరుగుతాంది. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? సముద్రం! దూరం ఉంటె సరిగ్గ ఇనవడుతలేదని జరుక్కుంట జరుక్కుంట వచ్చి మంది ఎన్క కూసున్నది. ఎనక వరుసోళ్ల లుంగీలు తడిసినయి గని ఒక్కడు లేస్తె ఒట్టు. ఆఖరికి నేను ఆమెన్ అన్న. బొంబాయి మొత్తం ఆమెన్ అన్నది. ఆ చప్పుడుకు గా పొద్దు నీ హోటల్ల గ్లాసులు గలగలమనలే వెంకన్నా?"

"ఏమో," అన్నడు వెంకన్న. "రెండైతె పగిలినయి."

"చూసిండ్రా! గందుకే అంటున్న సతీశ్, బండి కొత్తదా పాతదా అని కాదు, తోలేటోడు ఎవడు అన్నది..."

"అన్నా."

గాలయ్య మర్లి చూసిండు. పాల ప్యాకెట్ల కోసం వచ్చిన స్వరూప ఎనక నిలవడ్డది. రైళ్లు ఆగిన కాడికెల్లి ఆడ్నే ఉన్నదని ఆమె మొకమే చెప్తాంది.

గాలయ్య జర సర్దుకున్నడు. "రా చెల్లె, మంచిగొచ్చినవ్. మంది ఎట్ల జమ అయిండ్రో వీళ్లకు జర చెప్పు."

"చెప్తనన్నా," అన్నది స్వరూప. "బొంబాయి ఇంక రానేలే, ఆ లారీలు చూసి అన్న బ్రేకు మీదికెల్లి కాలు తియ్యలే. బండి ఒక పెట్రోల్ బంకుల పెట్టి, తాళం చెయ్యి నాకిచ్చి, 'చెల్లె, ఇగ నాతోని కాదు' అన్నడు. అందరం లోకల్ రైలెక్కినం. దాదర్ల దిగెటప్పుడు మంది నూకుడుకు అన్న ఏ దిక్కు పోయిండో కనవడలే. ఫోను చూస్తె బండిలనే మర్చిండు. పాస్టర్ గారి గొంతు పోయింది నిజమే. 'గాలయ్యా, గాలయ్యా' అని స్టేషనంత అరిచి పోయింది."

సతీశ్ నవ్వబోయిండు. భద్రమ్మ కండ్లు పెద్దగ చేసి ఆపింది.

"అన్న భార్య యాదలక్ష్మి వదినెకు ఏం మొకం చూపియ్యాలె అని ఏడుపొచ్చింది. దేవులాడంగ దేవులాడంగ ఒక ప్లాట్‌ఫారం చివరికి మంది గుంపు కనవడ్డది. నడుమల అన్న. కింద కూసొని 'ఓ అవ్వా, నా కేతేపల్లి ఏ దిక్కున్నదే' అని రాగం తీసి ఏడుస్తుండు. అది మన భాష అని పనులకు పోయే పాలమూరోళ్లు ఏ రైలు దిగినోళ్లు ఆ రైలు కాడికెల్లి ఉరికొచ్చిండ్రు. ఒకామె, తను ఊరు చూడక ఎన్నేండ్లయిందో అని, అన్న పక్కన కూసొని తను గూడ ఏడుస్తాంది. ఒకాయన సద్ది ఇప్పి జొన్నరొట్టె తినిపిస్తుండు. దుప్పట్లు పట్టుకొని తెల్లారి బస్తీల తిరిగితె తలుపులు తీసేటోళ్లు లేకుండె, అందరు పనులకు పోయిండ్రు. మాకు దొరికిన మంది గా ప్లాట్‌ఫారం మీది మందే. గా రోజు పాస్టర్ గారు ఆ లేని గొంతుతోనే ప్లాట్‌ఫారం మీద ప్రార్థన చేసిండు."

గాలయ్య రోడ్డు దిక్కు చూసుకుంట కూసున్నడు.

"నిజమేనారా?" అన్నది భద్రమ్మ.

"మంది జమ అయిండ్రన్న," అన్నడు గాలయ్య మెల్లగ. "అండ్ల నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?"

ఇగ ఎవ్వరికి నవ్వు ఆగలే. సతీశ్ కండ్లు తుడ్సుకుంట, "అక్కా, చెన్నైకి ఎవరి బండి మరి?" అన్నడు.

"నీదే తమ్మీ. నువ్వే తోలాలె." గాలయ్య మొకం చిన్నగయింది. స్వరూప అతని దిక్కు తిరిగింది. "కని గాలన్న లేంది కదిలేదే లేదన్నడు పాస్టర్ గారు. నిన్ను తప్పకుండ తోల్కరమ్మన్నడు."

గాలయ్య దిగ్గున లేసి నిలవడ్డడు. "ఇన్నరా! నేను లేంది కదలరట! ప్రసంగం చెప్పనీకేనా చెల్లె?"

"కాదన్నా," అన్నది స్వరూప, పాల ప్యాకెట్లు సంచిల వేసుకుంట. "ఏడ్వనీక."