లెస్ అంటే లెస్స కాదు

స్టాఫ్ రూమ్. ఇంగ్లీషు టీచరు, బడి గుమాస్తా.

"'హార్ట్‌లెస్' దగ్గర ఆపండి బాబాయ్. ఇది ఎవరి గురించి?"

"ఎవరి గురించేంటమ్మా, రేపు రిటైరవుతున్న మన హెడ్మాస్టరుగారి గురించే. సన్మాన పత్రం. ఇంకా ఉంది, వినండి. 'షేమ్‌లెస్...'"

"అయ్యో, ఆగండి! హార్ట్‌లెస్ అంటే ఏమనుకున్నారు?"

"గుండెజబ్బు లేదని. ఈ వయసులో కూడా మెట్లు గబగబా ఎక్కేస్తారుగా."

"జబ్బు కాదు, గుండే లేదని. జాలీ దయా లేని మనిషని."

"ఓర్నాయనో! మరి షేమ్‌లెస్? బిడియం లేకుండా ఎంతమందిలోనైనా మాట్లాడతారని కాదా?"

"సిగ్గూ శరమూ లేదని."

"చివర లెస్ ఉంటే మన లెస్స లాంటిదే, మేలని అనుకున్నానమ్మా."

"లెస్ అంటే లేకపోవడం బాబాయ్. ఫియర్‌లెస్, భయం లేదు. హోమ్‌లెస్, ఇల్లు లేదు."

"అయితే ఈ ప్రైస్‌లెస్ కొట్టేస్తా. ధర లేనివాడని."

"అది ఉంచండి. వెలకట్టలేనంత గొప్పవాడని."

"పక్కనే వర్త్‌లెస్ ఉంది. అదీ అంతేగా?"

"అది చిల్లిగవ్వకు కొరగానివాడని."

"ధర లేకపోతే దొర, విలువ లేకపోతే వెధవా? ఇదేం భాషమ్మా!"

"భాషని తిట్టకండి, కొట్టెయ్యండి. కింద యూజ్‌లెస్ కూడా."

"టైర్‌లెస్? ఇది ఆయన స్కూటరు సంగతేమో..."

"అలుపెరగనివాడని. ఉంచండి. అసలు మీకెందుకొచ్చిన అవస్థ? తెలుగులో రాసుంటే హాయిగా ఉండేదిగా."

"నేను రాయలేదమ్మా."

"మరెవరు రాశారు?"

"ఎవరంటే... రాయాల్సినవాళ్ళే."

"తిప్పకండి బాబాయ్. ఎవరు?"

"ఆయనే."

"ఆయనంటే?"

"ఆయనేనమ్మా! తన సన్మాన పత్రం తనే రాసుకున్నారు. చివర్లన్నీ కలవాలోయ్, గంట కొట్టినట్టు మోగాలి అంటూ డిక్షనరీలోంచి ఏరారు."

"ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పినాయన!"

"చెప్పారు. పిల్లలు విన్నారు. పాపం, వాళ్ళేం చేస్తారు."

"నాకు చూపించమన్నారా?"

"చూపించొద్దన్నారు."

"ఎందుకని?"

"వదిలెయ్యండమ్మా."

"చెప్పండి."

"ఆవిడ ఇంగ్లీషు అంతంతమాత్రం, లేని తప్పులు పడుతుంది అన్నారు. మీ ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం మీద ఆరేళ్ళుగా ఆ మాటే రాస్తున్నారు. టైపు కొట్టేది నేనేగా. మీకు చెప్పలేక..."

"ఆరేళ్ళు... పైవాళ్ళు ఆపుతున్నారనుకున్నాను. పోయినేడు ఆయనకే దండం పెట్టి, ఒక్క మాట చెప్పండి సార్ అని బతిమాలుకున్నాను. చూద్దాంలే అమ్మా అన్నారు."

"అయినా ఆయన పరువు పోకూడదనే మీకు చూపిద్దామని తెచ్చానమ్మా. రేపు అధికారులంతా ముందు వరసలో ఉంటారు. మీరు దిద్దారని ఎవరికీ చెప్పను. గుట్టుచప్పుడు కాకుండా టైపు కొట్టేసి..."

"ఎన్ని కొట్టేశాం?"

"నాలుగు."

"నాలుగూ మళ్ళీ రాయండి."

"అమ్మా!"

"హెడ్మాస్టరుగారు రాసింది మార్చడానికి మనమెవరం? చదివేదెవరు?"

"నేనే. నోరు తిరగదంటే వినరు."

"మెల్లిగా చదవండి. ఒక్కో మాటకీ ఆగండి. పక్కన నిలబడి అందరికీ తెలుగులో అర్థం నేను చెబుతాను."