ఫొటోలో లేని చెయ్యి

ఉక్కగా ఉందా? ఉండదా మరి! వచ్చిన ప్రతివాళ్ళూ నన్నే ఆడిపోసుకుంటారు. మిల్డూరా ఊరు ఊరంతా ఏసీలు వేసుకుని తలుపులు బిగించుకుంటే, ఈ పిచ్చి లోర్నా ఒక్కతీ ఆపేసి కూర్చుంటుందని. ఇప్పుడే ఒక తొమ్మిది రోజుల పసి దొరగారు ఫొటో దిగి వెళ్ళారమ్మా. ఆయన ఒంటి మీద నూలుపోగు లేదు. ఆయనకి వెచ్చగా ఉండాలంటే మనం ఉడికిపోవాలి, అంతే.

కూర్చో కెర్రిన్. అయ్యో, ఆ కుర్చీలో వద్దు! ఆయనగారు దాన్ని తడిపే వెళ్ళారు.

నీ ఫొటో సిద్ధమే. అదిగో, బల్ల మీద బోర్లించి పెట్టాను. ఆగు, ఆగు, నేనే ఇస్తాగా! శనివారం కదా మీ అమ్మాయి టాలియా పద్దెనిమిదో పుట్టినరోజు? ఇవాళ గురువారమేగా. టీ తాగి వెళుదువుగాని.

ముప్పై ఒక్క ఏళ్ళమ్మా ఈ పనిలో! మొదట్లో పెళ్ళిళ్ళు తీసేదాన్ని. పెళ్ళికూతురికి నోరు, వాళ్ళమ్మకి ఇంకా పెద్ద నోరు. పసివాళ్ళయితే మాటలు రావు కదా అని ఇటొచ్చాను. ఎంత తెలివైనదాన్నో చూడు! మాటలు రాకపోతేనేం, మిగతావన్నీ వస్తాయి వాళ్ళకి. నా కెమెరా మీద పోసినవాళ్ళలో ఒకడు ఈ ఊళ్ళోనే పోలీసు, ఇంకొకడు పళ్ళ డాక్టరు. బజార్లో కనబడితే ఎంత దర్జాగా పలకరిస్తారో. నేను నవ్వి ఊరుకుంటాను.

గుమ్మడికాయలో కూర్చోబెట్టమంటుంది ఒకావిడ. క్యాబేజీ ఆకుల్లో పడుకోబెట్టమంటుంది ఇంకొకావిడ. బిడ్డా, కూరా అది? ఒకాయనైతే తన ఫుట్‌బాల్ జట్టు మఫ్లరు చుట్టి మరీ తెచ్చాడు. పుట్టి ఆరు రోజులైనా కాలేదు, వాడి మొహం చూస్తే జట్టు అప్పుడే ఓడిపోయినట్టుంది!

రెండు వారాల్లోపు తీసుకురండిరా బాబూ, తర్వాత కాళ్ళు చాచేస్తారు, ముడుచుకోరు అని మొత్తుకుంటాను. ఎవరు వింటారు? మూడు నెలలవాణ్ణి తెచ్చి, కప్పలా కూర్చోబెట్టమంటారు.

ఆ కప్ప భంగిమే కదా టాలియాది కూడా. మోచేతులు ఆనించి, గడ్డం అరచేతుల్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఏదో మహా ఆలోచనలో ఉన్నట్టు. పదకొండు రోజుల బిడ్డకి ఆలోచనేంటి, నా మొహం! మెడ నిలబడితే కదా! ఎవరో ఒకరు తల పట్టుకోవాలి. తల పట్టుకుని ఒక ఫొటో, మణికట్లు పట్టుకుని ఇంకోటి. రెండూ కంప్యూటర్లో కలిపేసి, పట్టుకున్న చేతుల్ని తుడిచేస్తాం. బిడ్డ తనంతట తనే కూర్చున్నట్టుంటుంది. ఇంత మోసానికి నాకు ఫొటోల పోటీలో ఒక కప్పు కూడా ఇచ్చారు తెలుసా? అదిగో, పెన్సిళ్ళు పెట్టుకున్నాను అందులో.

ఆ రోజు నీకు కాన్పు కుట్ల నొప్పి. సోఫాలో ఒరిగి నిద్రపోయావు. అందుకని మీ ఆయన బ్రెంట్ పట్టుకున్నాడు. అంత భారీ లారీ డ్రైవరు, కెమెరా చూస్తే చాలు టోపీ అడ్డం పెట్టుకుని పారిపోయే మనిషి! 'నా మొహం పడదు కదా లోర్నా' అని పదిసార్లు అడిగాడు. పడదులే నాయనా అన్నాను. రెండు గంటలు మోకాళ్ళ మీదే ఉన్నాడు, చెమటలు కారిపోతూ. తుమ్మొస్తే మొహం ఎర్రబడేదాకా బిగబట్టుకున్నాడు గానీ చెయ్యి కదపలేదు.

ఐదు నెలలకే ఆ హైవే మీద... సరేలే, నీకు నేను చెప్పాలా.

మొన్న నువ్వు ఫోన్ చేశావు. నాన్న నన్నెత్తుకున్న ఫొటో ఒక్కటైనా లేదా అని పిల్ల అడుగుతోంది, చెయ్యి తుడవక ముందుది నీ దగ్గరుంటుంది కదా అన్నావు. ఉంటుందమ్మా, ఎందుకుండదు అనేశాను. నా నోటికి అలవాటే అది. ఇన్నేళ్ళుగా ప్రతి తల్లికీ 'మీ బిడ్డంత అందం నేను ఇంతవరకు చూడలేదు' అని చెప్తున్నదాన్ని, ఎదుటివాళ్ళు ఏం కోరితే అదే వచ్చేస్తుంది.

తర్వాత ఫొటో నీ ఫోనుకి పంపాను. నువ్వు ఏడ్చావు. 'అదే బొటనవేలు లోర్నా! లారీ తలుపులో పడి నలిగిన గోరు!' అన్నావు. అప్పుడైనా చెప్పాలి కదా మనిషన్నాక? అవునమ్మా, అదే అన్నాను.

అలా చూడకు. టీ చల్లారిపోతోంది.

అది నలిగిన గోరు కాదు కెర్రిన్. నీడ. ఆ చెయ్యి బ్రెంట్‌ది కాదు, మా ఆయన హ్యూది. కొన్నాళ్ళు నా పక్కన నిలబడి పిల్లల తలలు పట్టుకున్నాడు కదా ఆయన. వేరే బిడ్డ ఫొటోలోంచి తెచ్చి నీ పిల్ల తల కింద అతికించాను.

బ్రెంట్‌ది లేదు. ఆల్బం ఇచ్చిన వారానికే తీసిపారేశాను. పని అయిపోయాక చేతులున్న ఫొటోలు మేమెవరం దాచుకోం, చెత్తతో సమానం మాకు. ఈ ఊళ్ళో తండ్రులందరి చేతులూ అలాగే పారేశాను. హ్యూ పోయాక ఆయన చెయ్యున్న ఫొటో ఒకటి దొరికితే మాత్రం, చూడు, జాగ్రత్తగా దాచుకున్నాను. నా మొగుడిది మాత్రం!

ఇదిగో, తీసుకో. శనివారం గోడకి పెడతావో, ఇక్కడే చింపేస్తావో నీ ఇష్టం. నిజం చెప్పకుండా నీ చేతికివ్వలేకపోయాను. ఎంత గొప్పదాన్నో!

ఏమన్నావు? పొరపాటున పోయిందా అనా? పొరపాటు కాదమ్మా. ఒక మధ్యాహ్నమంతా రేడియో పెట్టుకుని, బ్రెంట్ వేళ్ళు ఒక్కొక్కటే తుడిచాను. చిటికెన వేలు కొస పిల్ల చెవి వెనక మిగిలిపోయిందని మళ్ళీ కూర్చుని అదీ తీసేశాను. నువ్వొచ్చి చూసి, అక్కడ ఎవరో ఉన్నట్టే తెలియట్లేదు లోర్నా అని ఎంత మెచ్చుకున్నావో.