కోసిన అంచు

విమానాశ్రయం దగ్గరి సాతంరాయిలో డేవిడ్ రాజు ఫ్రేముల దుకాణం. చనిపోయిన భార్య యేసుమణి ఫొటో తీసుకుని మత్తయ్య వచ్చాడు.

“అంచు జర కొయ్యాలె మత్తయ్యన్నా. ఫ్రేముల పడ్తలేదు.”

“కొయ్యి. ఆమెకు కోసుడంటే ఇష్టమే గదా.”

“గట్లనకన్నా. రేపు ఆమె ఏడాది ప్రార్థన కూడిక పెట్టుకొని...”

“బిడ్డ సునీల పెట్టిచ్చింది. అమ్మ ఫొటో గోడకుండాలెనని ఒకటే పోరు. లేకుంటే నేనొస్తునా ఈడికి?”

“ఏ గోడకు? హాలండ్ బొమ్మల పక్కకా?”

“వంటింట్ల.”

“వంటింట్లనా! పొగకు...”

“పడనీ పొగ. ముప్పై ఏండ్లు ప్రింటింగ్ ప్రెస్సుల అచ్చు బ్లాకులు చేసి, తినక తాగక, ఆ దేశం నుంచి ఒక్కొక్కటి తెప్పిచ్చుకున్న. పదకొండు మొఖాలు. రాగిరేకు మీద గీత గీత చెక్కి అచ్చేసినయి. అండ్ల ముసలి పాస్టరు బొమ్మకు మూడు వందల యాభై ఏండ్లు. యుద్ధాలు చూసింది, ఓడలెక్కింది. ఎలుక గూడ ముట్టలే. ఈమె ముట్టింది.”

“పెండ్లిరోజుకు నీకు తెల్వకుండ ఫ్రేము కట్టియ్యాలని...”

“కట్టియ్యనీ. అంచెందుకు కొయ్యాలె? చెక్కినోని పేరు ఆడనే ఉంటది. రేకు ఒత్తిన గుర్తు ఆడనే ఉంటది. అవి పోతే ఇగ ఏముంది? క్యాలెండర్ ముక్క.”

“ఆమెకేం తెలుసన్నా...”

“ఎవరు కోసిన్రని అడిగిన. నేనే, కత్తెరతోని అన్నది. తల వంచుకొని. అంతే. మళ్ల నేను మాట్లాడలే.”

“ఎన్ని రోజులు?”

“రోజులా? ఎనిమిది నెలలు. పోయేదాక.”

“దవాఖానల గూడనా?”

“చెయ్యి చాపింది. నేను కిటికీల కెల్లి విమానాలు చూస్కుంట కూసున్న. ఏంది, కత్తి పక్కకు పెట్టినవ్? కొయ్యి.”

“అన్నా, ఆ బొమ్మ... కోసిన కాడ ఎట్లుండె?”

“సాఫ్. గీత గీసినట్టు.”

“కత్తెరతోని గట్ల వస్తదా? బ్లాకులు చేసినోనివి, నీకు తెల్వదా?”

“...నువ్వా?”

“ఏదొచ్చినా ఫ్రేముకు సరిపెట్టి కోసుడే నా పని. పెండ్లి ఫొటో అయినా అంతే. మరకల అంచు, తీసేస్తే మంచిగుంటదనుకున్న. యేసుమణక్క చూసి ఏడ్చింది. నేనొచ్చి చెప్త అంటే రానియ్యలే.”

“ఏమన్నది?”

“ఇప్పుడెందుకులే అన్నా.”

“ఏమన్నది?”

“‘తప్పు నీ మీదైతే సచ్చేదాక మాఫ్ చెయ్యడు రాజూ. నా మీదైతే రెండ్రోజులు. మూడోనాడు అన్నం వెట్టమంటడు’ అన్నది.”