నల్లబీరు వంతు

కాసేపట్లో హోటల్ యజమాని వచ్చి రుచి చూసి, తన హోటల్‌కి ఒక్క బీరే ఎంచుకుంటాడు. బల్ల మీద బావ కాచినవి మూడు గ్లాసులు, మరదలు తొలిసారి కాచిన నల్లబీరు ఒక గ్లాసు. ఆమె తన గ్లాసును అన్నిటికంటే ముందుకు జరిపింది.

"నీది చివర పెట్టమ్మాయ్. పల్చనివి ముందు, చిక్కనివి తర్వాత. అదీ పద్ధతి."

"నా వంతు వచ్చేసరికి ఆయన కడుపు నిండి ఆవులిస్తుంటాడు బావా."

"ఆఖరిదే నోట్లో నిలుస్తుందే పిచ్చిమొహమా!"

"అయితే నీదొకటి ఆఖర్న పెట్టుకో."

"మొండిఘటం! నల్లది ముందు తాగితే మిగతావన్నీ చప్పటి నీళ్లలా ఉంటాయే!"

మరదలు తన గ్లాసును కొంగుతో తళతళలాడేలా తుడిచి మొదటి చోటే పెట్టింది.

"ఆ మిగతావన్నీ నువ్వు కాచినవేగా బావా!"