రెండో వాకిలి

సిగ్గా మామా నీకు? ఈడ కూడా సిగ్గేనా? పొట్ట కోసి, పేగులు బయటికి తీసి, డాక్టరు చేత్తో పట్టుకుని సూసినాక ఇంకా ఎవరికాడ ఏం దాస్తావు?

కండ్లు మూసుకోవద్దు. నిద్ర పోలేదని నాకు తెలుసు. నిద్రపోయినోడి కాలి బొటనేలు అట్లా బిగుసుకోని ఉండదు. ముక్కులో రబ్బరు గొట్టం ఉండాది, మాట్లాడలేవు, సరే. ఇనేదానికేం? చెవుల్లో గొట్టం లేదు గదా.

ఆ గొట్టం మీద సెయ్యి పెట్టొద్దని సెప్పినానా లేదా. ఈ యుద్ధంలో రబ్బరుకు కరువంట. పీకి పారేస్తే ఇంకోటి లేదంట.

నర్సు సంతోషమ్మ ఏం సెప్పి పోయింది? నువ్వూ ఇన్నావు. "మునిరత్నం, సిగ్గుపడొద్దు, గాలి వదిలెయ్" అని పేరు పెట్టి మరీ సెప్పింది, నేను ఈ జన్మలో ఎత్తకూడని పేరు, ఇదో నేనూ ఎత్తేస్తిని. మెలిపడిన పేగును డాక్టరు విప్పి మూడు దినాలాయ. కోసినాక పేగు అలిగి పడుకుంటాదంట. కింద నుంచి గాలి పోతేనే అది లేచి పనిలోకి దిగినట్టు. అంతదాకా చుక్క నీళ్ళు గొంతులోకి పోకూడదు. పొద్దు గూకేలోపల గాలి రాకపోతే మళ్ళా కోసి సూడాల్సిందే అన్నాడు డాక్టరు. మళ్ళా కోస్తే తట్టుకునే ఒళ్ళా ఇది?

నాకు కాలు ఒకచోట నిలవడంలా. కిటికీకాడికి పోతా, పొద్దు యాడుండాదో సూస్తా, వస్తా, నీ పెదాలకు తడిగుడ్డ అద్దుతా, మళ్ళా కిటికీకాడికి పోతా. ఇందాక వేపచెట్టు నీడ మెట్లకాడ ఉండె. ఇప్పుడు గోడెక్కింది.

పేగు ఎట్లా కదుల్తాదో ఆ నర్సు బిడ్డ నా సెయ్యి పట్టుకోని సూపించింది. పాలు పిండినట్టేనంట. చన్ను మొదల్లో ఒక వేలు బిగిస్తాం, దాని కింద వేలు, దాని కింద వేలు, ఒకదాని ఎంట ఒకటి బిగిస్తే గదా పాలు కిందికి దిగేది? పేగూ అంతేనంట. తిన్నదాని ఎనక బిగుస్తాది, ముందర వదుల్తాది, అట్లా నెట్టుకుంటా నెట్టుకుంటా పోతాది. మనం సెప్పే పన్లేదు. మనం నిద్రపోయినా దాని పని అది సేసుకుంటాది. ముప్పై ఏండ్లు ఎనుముల పాలు పిండిన దాన్ని, నా కడుపులోనే పొద్దస్తమానం ఎవరో పిండతా ఉండారని నాకే తెలీలా.

చివర్లో రెండు వాకిళ్ళంట. లోపలి వాకిలి మన మాట ఇనదు. బరువు తగలంగానే అదే తెరుసుకుంటాది. రెండో వాకిలి మనది. మనం మూస్తే మూసుకుంటాది, తెరిస్తే తెరుసుకుంటాది. ఆ బిడ్డ ఈ మాట సెప్తా ఉంటే నాకు నువ్వే కనపడినావు. ఆ రెండో వాకిలికాడ గూడా భుజాన డవాలు పట్టీ ఏసుకోని, తలపాగా సుట్టుకోని నిలబడినావు.

కోర్టులో డఫేదారువని జడ్జి దొర ఎనక పదకొండింటికి నిలబడితే అయిదింటిదాకా కదిలేవాడివా? ఎవరు గొణిగినా "సైలెన్స్" అని అరుపు. నీ కడుపుకూ అదే అరుపు. అది పిలిచి పిలిచి పిలవడమే మానుకునింది. అట్లా మూసి మూసి పెడితే పేగు సాగి సంచి మాదిరి అయిపోతాదంట. ఆ సాగిన పేగే మెలి తిరుగుతాదంట. నాకేం తెలుసు? ఆదివారం ఆదివారం ఆముదం పోస్తిని. మొన్న కడుపు కుండ మాదిరి ఉబ్బితే రెండింతలు పోస్తిని. వాకిలి మూసిపెట్టి ఎనక నుంచి మందను తోలినట్టాయ. డాక్టరు అందరి ముందరా తిట్టినాడు. పడినా. పోసినాననీ ఒప్పుకున్నా. మా అమ్మ పోసింది, మా అవ్వ పోసింది, నేనూ పోసినా.

అది గాదు ఇప్పుడు నా బాధ.

పొద్దున సంతోషమ్మ నీ పొట్ట మీద గొట్టం పెట్టి ఇనింది గదా. "గుడగుడమంటా ఉండాది నాగులమ్మా, పేగు లేచింది" అనింది. మరి గాలేది బిడ్డా అంటే, "ఆయనే బిగబట్టుకోని ఉండాడేమో" అనింది. బిగబట్టుకుంటావని నాకు తెలుసు.

ఎవరికోసరం? పక్క మంచం గురప్ప కోసరమా? గట్టు తగాదా కేసులో ఆయన్ను మూడు తూర్లు పిలిచి, నోరు తెరిస్తే సైలెన్స్ అంటివంట. ఇప్పుడు కాలిరిగి ఈడ పడుండాడు, ఎవరి మీదా నవ్వే స్థితిలో లేడు. గంటకొక తూరి "డఫేదారయ్యకు అయిందా అమ్మా" అని అడగతా ఉండాడు. నీకు గాలి వస్తే గంగమ్మకు పొంగలి పెడతానని మొక్కుకున్నాడు, తెలుసునా? నీ గాలికి మొక్కుకునే మనిషి మనకు ఇంకొకడు దొరుకుతాడా?

గురప్ప గాదులే. నాకు తెలుసు.

మామా, ఈ బిగబట్టడం కోర్టులో నేర్సుకున్నది గాదు. పెండ్లయిన ఏడాది, పలమనేరుకాడ మా ఇంట్లో విందు. నువ్వు మా అమ్మకు తమ్ముడివే అయినా ఆ దినం కొత్తల్లుడివి. పంక్తిలో పీట మీద కూసున్నావు. పాయసం వడ్డిస్తా ఉంటే ముందుకు వంగినావు. సన్నాయి ఊదినట్టు వచ్చేసింది. పంక్తిలో ఒక్కరూ నవ్వలా. అందరూ ఇస్తరాకులు సూసుకున్నారు. తెల్లారేతలికి మాత్రం వీధి వీధంతా "సన్నాయల్లుడు". పిలకాయలు గూడా అదే పేరు.

ఆ పేరు మా అన్న దొరస్వామి పెట్టినాడనుకున్నావు. ఎగతాళి సేసే నోరు ఆయన్దే గదా మా ఇంట్లో. వాని చేతి నీళ్ళు తాగనంటివి. ముప్పై ఏండ్లు తాగలా. పోయినేడు ఆయన సచ్చిపోతే గడప బయటే నిలబడి దండం పెట్టి తిరుక్కుంటివి.

అన్న పెట్టలేదు మామా ఆ పేరు. నేను పెట్టినా. వంటింటి వాకిలికాడ నిలబడి ఉంటి, పదమూడేండ్ల దాన్ని, నవ్వు ఆగలా. ఆ సాయంత్రమే బాయికాడ పక్కింటి మునిలక్ష్మితో అంటి, మావాడు సన్నాయల్లుడే అని. అది వీధికి మోసింది. నువ్వు అన్న మీద ఇరుసుకుపడితే, నేను అన్న కాళ్ళు పట్టుకుంటి, సెప్పొద్దని. ఆయన "నేను గాదు మామా" అని ఒక్క మాట అనకుండా పోయినాడు. నేనూ ఇదో సెప్తా, అదో సెప్తా అనుకుంటానే ఉంటి. నేను గూడా బిగబట్టినదాన్నే.

ఏంది? లేస్తావా? లేవొద్దు, కుట్లు తెగుతాయి. ఏం తిట్టాలనుకున్నావో పండుకోనే తిట్టు. ఆ గొట్టంతో మాట రాదు మామా, ముక్కొద్దు, అంత బలం పెట్టొద్దు...

ఉండు.

గురప్పా, నువ్వా? గాదా? ఒట్టు?

మామా. నువ్వే.

సంతోషమ్మా, ఇట్లా రామ్మా, వచ్చింది. పక్క మంచందాకా ఇనపడింది. సూడు మామా, నేను నవ్వలా. గురప్పా నవ్వలా, తలకాయ మీద చేతులు పెట్టి గంగమ్మకు దండాలు పెడతా ఉండాడు. ఇంకోటా? రానీ, రానీ.

రెండు చెంచాలు నీళ్ళు పొయ్యొచ్చంట. పెద్ద చెంచా గాదు, మందు చెంచా. నోరు తెరువు.

మొగం గోడ పక్కకు తిప్పినావా.

తిప్పుకో. నీ కోపం నాయమే. నేను సెప్పింది ఇనేదానికి అన్న లేడు గదా అంటావు. లేడు. అయినా మామా, తప్పు సెయ్యనోడి చేతి నీళ్ళు ఒక్క దినమూ తాగలా, సేసినదాని చేతి నీళ్ళు ముప్పై ఏండ్లు తాగితివి. ఇంక ఈ రెండు చెంచాలు గూడా తాగు.