లుంబినిలో పాయసం వడ్డించిన మనిషి గురించి

నా పేరు గోరంట్ల శ్రీరమ్య. తండ్రి అంకమ్మరావు. వయసు ఇరవై ఏడు. ఒంగోలులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మా ఊరు దర్శి దగ్గర, సాగర్ కాలువ పక్కన ఉంటుంది. మా నాన్న మిరప, పత్తి సాగు చేస్తారు. సొంత తమ్ముడు శివరామకృష్ణను చంపి కాలువలో పడేశారన్న కేసులో ఆయన ముద్దాయి. ఆ కేసు విషయంలోనే మేజిస్ట్రేటు గారి ముందు ఈ మాటలు చెబుతున్నాను. చెప్పమని నన్నెవరూ బలవంతపెట్టలేదు.

2021 డిసెంబరులో, మిరప చేలకు నీళ్లు ఎవరు ముందు పెట్టుకోవాలన్న దగ్గర అన్నదమ్ములిద్దరూ పొలంలో గొడవపడ్డారు. బాబాయి పార కర్రతో నాన్న తల మీద కొట్టాడు. నాన్న స్పృహ తప్పి పడిపోయారు. తెలివి వచ్చేసరికి బాబాయి లేడు. మర్నాడు అతని బండి, చెప్పులు కాలువ గట్టు మీద దొరికాయి. మనిషి దొరకలేదు. దెబ్బ తిన్నది తానేనని నాన్న ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. పెనుగులాటలో తగిలి ఉంటుందన్నారు. నాన్న కొన్నాళ్లు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చారు. మా నాయనమ్మ కోటిరత్నం కూడా నమ్మలేదు. అదే ఇంట్లో వేరే పొయ్యి పెట్టుకుని వండుకునేది. నాన్నతో మాట్లాడేది కాదు. ఆయన ఎదురొస్తే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది.

ఈ ఏడాది ఏప్రిల్లో నేను నేపాల్ వెళ్లాను. లుంబిని దగ్గర వికలాంగుల కేంద్రంలో జీతం లేకుండా పనిచేయడానికి. వాలంటీరుగా వెళ్తున్నానంటే, "అక్కడా ఇంటింటికీ పింఛన్లు పంచాలా?" అని నాయనమ్మ అడిగింది.

మే 12న బుద్ధ జయంతి. బుద్ధుడు పుట్టిన చోటు కాబట్టి లుంబినిలో పెద్ద ఉత్సవం. కేంద్రంలోని ఇద్దరు ముసలివాళ్లు చూస్తామంటే, గుంటూరు నుంచి వచ్చిన నర్సు సిద్దికా, నేను కలిసి చక్రాల కుర్చీల్లో తీసుకెళ్లాం. ఎండ మా ఊరి ఎండలాగే ఉంది. చెట్లకు రంగు రంగుల జెండాలు కట్టారు. రకరకాల దేశాల భిక్షువులు వరుసలు కట్టి నడుస్తున్నారు. మాకు వాళ్ల మంత్రాలు అర్థం కాలేదు గానీ ముసలివాళ్లు చేతులు జోడించే ఉన్నారు. మధ్యాహ్నం ఒక విహారం ముందు ఆకు దొన్నెల్లో పాయసం పంచుతుంటే వరుసలో నిలబడ్డాను.

వడ్డించే మనిషి నా దొన్నె నిండా పోశాడు. ఇంకా పోస్తుంటే "చాలు, చాలు" అన్నాను. అతని గరిటె ఆగిపోయింది. తలెత్తాడు. గడ్డం నెరిసింది. ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పటి గాటు అలాగే ఉంది.

"బాబాయ్" అన్నాను.

అతను పారిపోలేదు. నన్ను చూస్తూ అడిగిన మొదటి మాట ఇది: "మీ నాన్న కర్మ ఎవరు చేశారమ్మా?"

నాకు అర్థం కాలేదు. "నాన్నకు కర్మేంటి?" అన్నాను.

"నా చేత్తోనే కొట్టాను గదా. పడిపోయాడు. పిలిచాను, పలకలేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. చచ్చిపోయాడనుకుని బండి, చెప్పులు గట్టు మీదే వదిలేసి, లారీ ఎక్కి పోయాను."

"నాన్న బతికే ఉన్నాడు బాబాయ్. పొద్దునే ఫోన్లో మాట్లాడాను. నిన్ను చంపాడని ఆయన మీద కేసు నడుస్తోంది."

బాబాయి గరిటె గుండిగలో పెట్టి, మూత పెట్టాడు. నేల మీద కూర్చున్నాడు. "మళ్లీ చెప్పు" అన్నాడు. చెప్పాను. "మళ్లీ చెప్పు" అన్నాడు. వెనక వరుసలో జనం అరుస్తున్నారు. మళ్లీ చెప్పాను. ఇదంతా సిద్దికా పక్కనే ఉండి చూసింది.

అక్కడి నుంచే నాన్నకు వీడియో కాల్ చేశాను. నాన్న ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఒరేయ్" అన్నారు. బాబాయి ఏడుస్తున్నాడు. నాన్న "ఒరేయ్, ఒరేయ్" అంటూనే ఉన్నారు. కాసేపటికి, "తిండి తింటున్నావా? అంత చిక్కిపోయావేంట్రా?" అని అడిగారు.

బాబాయి ఆ విహారం వంటశాలలో పనిచేస్తున్నాడని, సరిహద్దు దాటడానికి కాగితాలేవీ అడగరని తెలిసి అటు వెళ్లాడని తర్వాత చెప్పాడు. మూడో రోజున నాతో బయలుదేరాడు. గోరఖ్‌పూర్‌లో రైలెక్కాం. దారంతా బాబాయి నిద్రపోలేదు.

మీరు అడిగారు, తండ్రిని కాపాడుకోవడానికి ఎవరినో తెచ్చి నిలబెట్టావా అని. అతని వేలిముద్రలు పాత ఆధార్‌తో సరిచూడండి. కొట్టింది తానేనని చెప్పడానికి అతను సిద్ధంగా ఉన్నాడు. ఆ దెబ్బ గురించి ఫిర్యాదు పెట్టనని మా నాన్న అంటున్నారు.

ఇల్లు చేరినప్పుడు ఏం జరిగిందో కూడా చెప్పమన్నారు. నాయనమ్మ మంచం మీద కూర్చుని ఉంది. బాబాయి కాళ్ల మీద పడితే అతని కనుబొమ్మ తడిమి చూసింది. అతన్ని అక్కడే వదిలి, గోడ పట్టుకుని లేచి, వాకిట్లో నిలబడ్డ మా నాన్న దగ్గరికి నడిచింది. ఆయన ముందు కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"పెద్దోడా, అన్నం తిన్నావా?" అంది.

నాన్న తినలేదన్నారు. ఆవిడ తన పొయ్యి దగ్గరికి వెళ్లి కంచం పెట్టింది.

నేను కళ్లారా చూసింది, చెవులారా విన్నది ఇంతే. ఇందులో కల్పించింది లేదు, దాచింది లేదు. రాసింది నాకు చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. సంతకం చేస్తున్నాను.

(సం.) గోరంట్ల శ్రీరమ్య
9 జూన్ 2025