గుండెకు రిలీవరు

రేత్రిళ్ళు మా ఎద మీద చెయ్యి పెట్టి ఏం సూస్తావవ్వా అని అడుగుతాండారు గదా, చెప్తా రండి. ఈ కత మీరెవురూ విన్లేదు. యాడో రాయపూర్‌లో పెరిగే పిల్లోళ్ళు, మా నాయన మీకెట్ల తెలుస్తాడు! దుప్పటి కప్పుకోండి ముందు, సలి.

మా నాయనది రేణిగుంటలో రైలు ఉద్యోగం. బండి ఏ పట్టా మీదికి పోవాల్నో ఆ పట్టా మార్చే పని. ముప్పై ఏండ్లు... కాదులే, ఇంకా ఎక్కువే, అంతా రేత్రి డ్యూటీ. రిలీవరు, అంటే బదులు మనిషి, వచ్చిందాకా కన్ను మూయకూడదు. రిటైరయినాక కిడ్నీల జబ్బు పట్టుకునింది. కాళ్ళు నీరుబట్టి చెప్పులు ఎక్కేవి కావు. మీ అమ్మను సంకనేసుకోని నేను ఊరికి పోయినా. తొంభైల్లో మాట.

ఆసుపత్రిలో మా అమ్మ అంటాది గదా, "ఈ మనిషి నిద్దరబోతాడు సారూ, ఈయన గుండె మాత్రం నిద్దరబోదు. దినామూ చెయ్యి పెట్టి సూస్తాండా."

"అది ఇంకా డ్యూటీలో ఉండాది లేమే" అని నాయన నవ్వినాడు.

డాక్టరు నవ్వలేదు. నిద్దరలో గుండె నిదానించాలంట. నిదానించకుంటే దానికీ విశ్రాంతి లేదు, కిడ్నీలకూ మంచిది కాదంట. నిద్దరలో గుండెను లెక్కబెట్టే మిషను ఒకటి నడుముకు కట్టి, ఎదనిండా వైర్లు అతికించి, రేపు రమ్మన్నాడు.

నాయన ఏంజేసినాడు? పాత డ్యూటీ చొక్కా ఏసుకోని, గోడకానుకోని తెల్లారిందాకా కూసున్నాడు! "మిషను నా చేతికి అప్పజెప్పినాక నిద్దరబోతే ఎట్లా?" అంట. మేలుకున్నోడి గుండె సూసి ఏం లాభమప్పా అని డాక్టరు తలపట్టుకోని, ఇంకోసారి కట్టినాడు.

ఆ రేత్రి నాకిప్పుడూ కల మాదిరే ఉండాది. కిటికీలో ఎన్నెల. సన్నజాజుల వాసన. యాడో దూరంగా మద్రాసు బండి కూత. మా అమ్మ కొంగు దోపుకోని ఆయన ముందర నిలబడింది.

"లెయ్. నేనే రిలీవర్ని. చార్జి ఇచ్చి పండుకో."

నాయన పైనుంచి కిందికి సూసి, "లేటుగా వచ్చినావే" అన్నాడు.

"అంట్లు మీ అమ్మ వచ్చి తోముతాదా?"

"సరే, సరే. అన్నీ సరిగా ఉండాయి" అని ఒరిగినాడు. అంతే, గురక.

నిద్దరబోయినా ఆయన గుండె నిదానించలేదనే మిషను గూడా చెప్పింది. మా అమ్మ చెయ్యి చెప్పిందే. మందులు మార్చినారు, ఉప్పు, ఊరగాయ మాన్పించినారు. ఆ జబ్బు నయమయిపోలేదు బిడ్డా, అట్లనుకోవద్దు. కానీ ఇంకా ముదరకుండా కొన్నేండ్లు నిలబడింది. మందులు మార్చిన కొన్నాళ్ళకే ఒకనాటి రేత్రి అమ్మ నన్ను లేపి, నా చెయ్యి తీసి ఆయన ఎద మీద పెట్టింది. నిదానంగా... నిదానంగా... స్టేషన్లోకి వచ్చే బండి మాదిరి.

ఈ చెయ్యే అది. మీ మీద పెట్టేది భయంతో గాదు... సరే, భయమూ ఉండాదిలే, ఊరుగాని ఊర్లో బిడ్డల్ని పెంచినదాన్ని. రేపు మీకు బిడ్డలు పుట్టినాక ఈ కత వాళ్ళకూ చెప్పండి. చెప్పి, రిలీవరు వచ్చింది, నువ్వు పండుకో అనండి.

ఇంగ కండ్లు మూసుకోండి. చార్జి నాకిచ్చినారు గదా...